నాలుగు గంటలకు నీళ్ళు కొలిచిందెవరు

ఆ ప్రెస్సులో అందరూ ఆమెను భూతద్దం అక్క అనేవారు. మెషిన్ మీద పనిచేసేవాళ్ళు ఎదురుగానే అనేవారు. ఓనరుకు మాత్రం అంత ధైర్యం లేదు. మామూలుగా "ఏమ్మా" అనీ, కోపం వస్తే "ఏంటమ్మా" అనీ పిలిచేవాడు. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ అచ్చయ్యే ప్రతి కాగితమూ ఆమె ఎర్ర సిరా కింద నుంచి వెళ్ళాకే మెషిన్ ఎక్కేది. ఒకసారి ఒక వైద్యుడి కరపత్రంలో "సకల రోగాలు మాయమగును" అని ఉండాల్సిన చోట "సకల రోగులు మాయమగును" అని పడింది. ఐదు వేల కాపీలు వేయబోతుంటే ఆమె పట్టుకుంది. ఎంత గండం తప్పిందో ఆ వైద్యుడికి ఈనాటికీ తెలియదు.

ఆమె చదువు ఏడో తరగతి సగంలో ఆగిపోయింది. దానికి కారణం కూడా అచ్చులో ఉన్న ఒక వాక్యమే.

వాళ్ళది నదికి దగ్గరగా ఉన్న పల్లపు వీధి. ఏడో తరగతి చరిత్ర పుస్తకంలో, వాళ్ళ ఊరి పాత వరద మీద ఒక పాఠం ఉండేది. "కాలువ షట్టర్ల కాపలాకు నియమించిన పల్లపు వీధి మనుషులు ఆరుగురూ అర్ధరాత్రి పన్నెండు గంటలకే పారిపోవడం వల్ల షట్టరు విరిగి పట్టణం మునిగిపోయింది" అని అందులో రాసి ఉంది. పాఠం చివర ప్రశ్న: "పల్లపు వీధి వారు ఎందుకు పారిపోయారు?" దానికి రెండు మార్కులు. టీచరు ఆ పాఠం చెప్పిన రోజు నుంచి పల్లపు వీధి పిల్లలకు "పరుగు బ్యాచ్" అని పేరు పడింది. ఆటలో ఓడినా అదే మాట, గెలిచినా అదే మాట. ఆ ఆరుగురిలో ఆమె తాత ఒకడు. ఒకరోజు ఆమె పుస్తకాల సంచీ మూల పడేసి "నేను బడికి పోను" అంది. బట్టలు కుట్టే తండ్రి బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి ఊరికే తిరగకూడదని తెలిసినవాళ్ళ ప్రెస్సులో, పుస్తకం పేజీలు పదహారేసి అచ్చయిన పెద్ద కాగితాలు, అంటే ఫారాలు మడిచే పనిలో పెట్టాడు.

అక్కడే ఆమె చదువు మళ్ళీ మొదలైంది. మడవని ఫారంలో ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ ఉంటుంది. నాలుగో పేజీ చదివి ఐదు కోసం చూస్తే అది తలకిందులుగా కనిపిస్తుంది. ఆమె నవలలన్నీ అలా ముక్కలు ముక్కలుగా చదివి, మనసులో అతికించుకునేది. అలా చదివితే ఒక లాభం ఉంది. ఎనిమిదో పేజీలో ఒంటి మీద పచ్చ చీర ఉన్న మనిషి, అదే పూట తొమ్మిదో పేజీలో నీలం చీరతో కనబడితే వెంటనే తెలిసిపోతుంది. ఒకసారి ఒక నవలలో చనిపోయిన మేనమామ ముప్పై పేజీల తర్వాత కాఫీ తాగుతున్నాడని ఆమె చెబితే, రచయిత పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆ మర్నాటి నుంచే ఓనరు ఆమెకు ఫారాలు మడిచే బల్ల మాన్పించి, ప్రూఫుల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

ఆ ఏడాది పాఠ్యపుస్తకాల కొత్త ముద్రణ పని మొదటిసారిగా వాళ్ళ ప్రెస్సుకు వచ్చింది. ఏడో తరగతి చరిత్ర, ఆరో ఫారం ప్రూఫులు ఒక సోమవారం ఉదయం ఆమె బల్ల మీదికి వచ్చాయి. వరద పాఠం అందులో ఉంది. ముప్పై నాలుగేళ్ళ తర్వాత ఆ పేజీ చూడగానే ఆమెకు చెవులు వేడెక్కాయి. అయినా పని పనే. దీర్ఘాలు, వత్తులు, కామాలు చూసుకుంటూ పోయింది. "పన్నెండు గంటలకే పారిపోవడం వల్ల" అన్న వాక్యం దాటింది. పేరా దాటింది. తర్వాతి పేరాలో "ఉదయం నాలుగు గంటలకు షట్టరు వద్ద నీటి మట్టం ఇరవై రెండు అడుగుల మూడు అంగుళాలు" అని ఉంది.

ఆమె కలం ఆగింది. వెనక్కి వెళ్ళి చదివింది. మళ్ళీ ముందుకొచ్చి చదివింది. లేచి ఓనరు గదిలోకి వెళ్ళింది.

"సార్, పన్నెండింటికే ఆరుగురూ పారిపోయారట. మరి నాలుగింటికి నీళ్ళు కొలిచిందెవరు?"

ఓనరు కళ్ళజోడు పైకి తోశాడు. "ఏమ్మా, మనకెందుకమ్మా? అక్షరాలు సరిగ్గా ఉన్నాయా లేదా?"

"అక్షరాలు సరిగ్గానే ఉన్నాయండి. మాటే సరిగ్గా లేదు. అంగుళాలతో సహా రాశారు. అంత కచ్చితంగా చెప్పాలంటే ఎవరో ఒకరు అక్కడ నిలబడి చూసుండాలి కదా."

"రాసింది ప్రొఫెసరు గారు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. నేను ఆయనతో పెట్టుకోలేను."

"మీరు పెట్టుకోవద్దు. నాకు సెలవివ్వండి, నేను పెట్టుకుంటాను."

ఓనరు ఆమె ముఖంలోకి చూశాడు. ఇరవై ఆరేళ్ళలో ఆమె అడిగిన సెలవులన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "మూడు రోజులు. నాలుగో రోజు పొద్దున ఫారం మెషిన్ ఎక్కుతుంది. ఆ పైన దేవుడొచ్చి చెప్పినా ఆపను" అన్నాడు.

ఆమె ఆ మధ్యాహ్నమే ప్రొఫెసరు ఇంటికి వెళ్ళింది. ఆయనకు ఎనభై ఏళ్ళకు ఒకటి తక్కువ. ముందు గదిలో కుర్చీల మీద కూడా పుస్తకాలే కూర్చుని ఉన్నాయి. ఆమె నిలబడే విషయం చెప్పింది. ఆయన నవ్వాడు. "అచ్చుతప్పులు దిద్దడం మీ పనమ్మా. చరిత్ర దిద్దడం కాదు."

"తప్పు తప్పేనండి. అది అక్షరంలో ఉందా, వాక్యంలో ఉందా అని చూసి వదిలేస్తే నాకు జీతం దండగ."

ఆయన నవ్వు ఆగింది. పుస్తకం తీసుకుని రెండు పేరాలూ చదివాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. "ఈ రెండూ అప్పటి సూపరింటెండెంటు రిపోర్టులోవే" అన్నాడు చివరికి. "పక్కపక్కనే ఉన్నాయి. నేను చూడలేదు. కానీ ఒక అనుమానంతో పాఠం మార్చలేం. ఆధారం కావాలి."

"ఎక్కడ దొరుకుతుందండీ?"

"వరద ఫైలు మొత్తం నేను చదివాను. అందులో లేదు."

"వరద ఫైల్లో లేకపోతే, నీళ్ళ ఫైల్లో ఉండొచ్చు కదండీ? కొలిచినవాళ్ళు వరద అని రాయరు. ఎన్ని అడుగులో రాస్తారు."

 ఆయన తన పేరున్న కాగితం మీద రెండు ముక్కలు రాసి, సంతకం చేసి ఇచ్చాడు. "నీటి శాఖ రికార్డు గది. ఈ చీటీ చూపించండి."

మర్నాడు పొద్దున్నే ఆమె అక్కడ ఉంది. రికార్డు గది ఒక పాత మేడ మీద ఉంది. కట్టలు కట్టిన రిజిస్టర్లు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. గుమాస్తా ఆ చీటీని, ఆమెను మార్చి మార్చి చూశాడు. "నీటి మట్టాల రిజిస్టర్లా? ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదమ్మా. ఎలకలు తప్ప ఎవరూ చదవలేదు."

"అవి ఎంతవరకు చదివాయో చూద్దాం" అంది ఆమె కొంగు నడుముకు చుట్టి.

ఇద్దరూ కలిసి కట్టలు దించారు. మధ్యాహ్నం దాకా దుమ్ము, తుమ్ములు. రెండు గంటలకు గుమాస్తా ఒక కట్ట విప్పి "ఇదేనేమో చూడండి" అన్నాడు. అట్ట నీళ్ళకు ఉబ్బి ఉంది. వరద తర్వాత షట్టర్ల దగ్గరి మేడగదిలో, రేకు పెట్టెలో దొరికిందని లోపల ఒక చీటీ అంటించి ఉంది.

ఆమె జేబు భూతద్దం తీసింది. ప్రతి గంటకూ ఒక వరుస ఉంది. అడుగులు, అంగుళాలు, పక్కన ఎవరెవరు హాజరో. ఆరుగురిలో రాయడం వచ్చినవాడు ఒక్కడేనని చూడగానే తెలిసింది. ఎందుకంటే చేతిరాత ఒక్కటే, మిగతా ఐదుగురివీ వేలిముద్రలు. ముత్యాల్లాంటి అక్షరాలు కావు. పొలం గట్టు మీద నడిచినట్టు జాగ్రత్తగా వేసిన అక్షరాలు. వరదకు మూడు నెలల ముందు నుంచీ అక్కడక్కడా ఒకే మాట రాసి ఉంది: "మూడో షట్టరు దూలం చీలింది. బాగు చేయించాలి." నాలుగుసార్లు రాశాడు. ఎదురుగా పైఅధికారి రాయాల్సిన గడి నాలుగుసార్లూ ఖాళీ.

వరద రాత్రి పేజీకి వచ్చింది. పదకొండు గంటలకు ఆరుగురు. పన్నెండు గంటల వరుసలో "ఇద్దరు వెళ్ళిపోయారు" అని, వాళ్ళ పేర్లు ఉన్నాయి. తర్వాత "నలుగురం ఉన్నాం."

ఒంటిగంట. ఇరవై అడుగుల ఒక అంగుళం. నలుగురం ఉన్నాం.

రెండు గంటలు. ఇరవై అడుగుల పది అంగుళాలు. నలుగురం ఉన్నాం.

మూడు గంటలు. ఇరవై ఒకటిన్నర అడుగు. నలుగురం ఉన్నాం.

నాలుగు గంటలు. ఇరవై రెండు అడుగుల మూడు అంగుళాలు. మూడో దూలం విరిగింది. నలుగురం ఉన్నాం.

ఆ తర్వాత పేజీలో గీతలు మాత్రమే ఉన్నాయి.

గుమాస్తా వెనక నుంచి చదువుతున్నాడు. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ పన్నెండు గంటల వరుసకు వచ్చింది. వెళ్ళిపోయిన ఇద్దరి పేర్లలో మొదటిది ఆమె తాత పేరు.

ఆమె మొత్తం పేజీ చేత్తో రాసుకుంది. ఒక్క అక్షరం వదల్లేదు. గుమాస్తా ఆ నకలు మీద ముద్ర వేసి ఇచ్చాడు.

సాయంత్రం తండ్రి అరుగు మీద కూర్చుని, మనవరాలి గౌనుకు ఊడిన గుండీ కుడుతున్నాడు. ఆమె పక్కన కూర్చుని కాగితం చదివి వినిపించింది. పన్నెండు గంటల వరుస కూడా చదివింది. తండ్రి సూది ఆపలేదు.

"నీకు తెలుసా నాన్నా?"

"నాకప్పుడు ఆరేళ్ళు. పడుకున్నవాణ్ణి మా నాన్న భుజాన వేసుకుని, మా అమ్మను చెయ్యి పట్టి లాక్కుంటూ పై వీధి మెట్ల మీదికి తీసుకుపోయాడు. నీళ్ళు తర్వాత ఎప్పుడో వచ్చాయి. అంత ముందుగా ఎలా వచ్చాడా అని పెద్దయ్యాక అనుకున్నాను. అడగలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది."

"నేను తాత అక్కడే ఉన్నాడని చూపిద్దామని వెళ్ళాను."

"నాకు తెలుసమ్మా."

 వీధి చివర ఎవరో పిల్లను గదమాయిస్తున్నారు. ఆమెకు కోపం వచ్చింది, అయితే అది ఎవరి మీదో తేలలేదు. తాత వెళ్ళిపోకపోతే తండ్రి లేడు, తాను లేదు. అలాగని ఆ వరుసను చెరిపేయడం కుదరదు. తండ్రి దారం కొరికి, గౌను మడత పెట్టాడు.

"ఉండిపోయిన నలుగురి మనవలూ ఈ వీధిలోనే ఉన్నారు. మనతో పాటు వాళ్ళు కూడా పారిపోయినోళ్ళ పిల్లలని అనిపించుకున్నారు. మన ఒక్కరి పరువు కోసం నాలుగిళ్ళ పరువు దాచిపెడతామా? పట్టుకెళ్ళి ఇచ్చెయ్."

"ఇస్తాను నాన్నా. ఉన్నది ఉన్నట్టు."

మూడో రోజు ఉదయం ప్రొఫెసరు ఇంటికి వెళ్తూ ఆమె వీధి మొదట్లో ఇస్త్రీ బండి దగ్గర ఆగింది. ఇస్త్రీ చేసేది ఆమె చిన్ననాటి స్నేహితురాలు. ఇద్దరూ "వదినా" అని పిలుచుకుంటారు. రిజిస్టరు రాసినవాడు ఆ స్నేహితురాలి తాత. ఆయన వరద తర్వాత మళ్ళీ ఇంటికి రాలేదు.

"వదినా, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టు. మీ తాత రాసింది చదువుతాను."

"మా తాత రాయడమేంటి? మా ఇంట్లో ఎవరికీ చదువే లేదు కదా!"

"ఆయనకు వచ్చు. ఎవరు నేర్పారో తెలీదు కానీ వచ్చు."

ఆమె ఒంటిగంట వరుస నుంచి చదివింది. "నలుగురం ఉన్నాం" అన్న మాట నాలుగోసారి వచ్చేసరికి స్నేహితురాలు బండి అంచు పట్టుకుంది. "మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివింది. "మా నాయనమ్మ చచ్చేదాకా ఎవరింటికీ పోలేదు వదినా, ఎవరేం అంటారోనని" అంది కన్నీళ్ళు తుడుచుకుంటూ. తర్వాత ఆమె చదవకుండా వదిలిన పై వరుస, పన్నెండు గంటల వరుస మీద వేలు పెట్టి, "ఇక్కడేముంది?" అని అడిగింది.

"వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు. మొదటిది మా తాతది."

స్నేహితురాలు కాగితం మీద నుంచి వేలు తీసింది. "ఇది తీసుకెళ్ళి చూపిస్తావా?"

"చూపించడానికే వెళ్తున్నా."

"అయితే నీ చీర ఇలా ముడతలు పడి ఉండకూడదు" అంది స్నేహితురాలు. బండి మీదున్న శాలువా ఒకటి నున్నగా ఇస్త్రీ చేసి ఆమె భుజాల మీద కప్పింది. "ఇది కప్పుకుని పో. పెద్దవాళ్ళింటికి పోతున్నావు."

ప్రొఫెసరు నకలు చదివి లేచి నిలబడ్డాడు. "కాగితం చాలదు. రిజిస్టరు నా కళ్ళతో చూడాలి" అన్నాడు. ఇద్దరూ ఆటోలో వెళ్ళారు. మేడమెట్లు ఎక్కడానికి ఆయనకు పావుగంట పట్టింది. ఆమె చెయ్యి అందిస్తే వద్దన్నాడు. మూడో మలుపు దగ్గర తానే అందుకున్నాడు. రిజిస్టరు ముందు కూర్చుని, సిరా, కాగితం, కుట్టు, పేజీ నంబర్లు అన్నీ పరీక్షించాడు. ఖాళీగా వదిలేసిన నాలుగు గడులనూ వేలితో తాకి చూశాడు.

"నేను రిపోర్టు దగ్గర ఆగిపోయాను" అన్నాడు. "పెద్ద అధికారి సంతకం ఉంది కదా అని ఆగిపోయాను. నా పుస్తకం చదివి ముప్పై ఆరు బ్యాచ్‌లు పాసయ్యాయి."

"కొంతమంది పాసవకుండా కూడా పోయారండి" అంది ఆమె.

ఆయన తల ఎత్తి చూశాడు. ఆమె ఏమీ దాచకుండా చెప్పింది. బడి, పరుగు బ్యాచ్, ఫారాలు, తాత. ఆయన అంతా విన్నాడు.

"మీ తాతగారి వరుస వదిలేసి నకలు తెచ్చుంటే నాకు తెలిసేది కాదేమో."

"అలా చేస్తే దాన్ని ప్రూఫు చూడటం అనరు కదండీ."

"కూర్చోండి" అన్నాడు ఆయన తన కలం ఆమె వైపు తోసి. "కొత్త పేరా మీరు రాయండి."

ఆమె అక్కడే, గుమాస్తా బల్ల మీద రాసింది. జీవితంలో ఇతరులు రాసింది దిద్దడమే తప్ప తాను రాయడం అదే మొదలు. రాసింది ఆయన చదివి "ఆ మహావీరులు", "అసమాన సాహసంతో" అన్న రెండు చోట్లా అడ్డగీత పెట్టాడు.

"ఎందుకండీ? వీరులు కారా?"

"ఏం చేశారో రాశారు కదా. నాలుగు గంటల వరకు ఉన్నారు, కొలిచారు, రాశారు. ధైర్యం అందులోనే కనిపిస్తుంది. మనం లేబులు అంటిస్తే అనుమానం వస్తుంది."

ఆమె ఒప్పుకుంది. ఆయన జోడించిన వాక్యం చదివి తానూ ఒక గీత పెట్టింది. "'సుమారు నలుగురు' ఏంటండీ? నలుగురు. ఆయన ప్రతి గంటకూ లెక్కపెట్టి రాశాడు."

గుమాస్తా పకపకా నవ్వాడు. ప్రొఫెసరు కూడా నవ్వాడు.

ఆ సాయంత్రమే ప్రొఫెసరు పాఠ్యపుస్తకాల సంఘానికి ఫోను చేశాడు. అవతలి అధికారి మొదట ఒప్పుకోలేదు. పాఠం మారిస్తే ప్రశ్న మారుతుందని, ప్రశ్న మారితే గైడు మారుతుందని, ఇవన్నీ ఇప్పుడు కుదరవని అన్నాడు. ప్రొఫెసరు "రచయితను నేను. నా పేరుతో తప్పు అచ్చు వేయడానికి నా అనుమతి లేదు. రాతపూర్వకంగా పంపుతున్నాను" అని ఫోను పెట్టేశాడు. ఒప్పుకుంటున్నట్టు కాగితం మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకు ప్రెస్సుకు వచ్చింది. అప్పటికి ఓనరు మెషిన్ మనుషులతో "ప్లేటులో ఏదో మచ్చ ఉంది, తుడవండి" అని గంటన్నరగా చెబుతూనే ఉన్నాడు. ప్లేటు మీద ఏ మచ్చా లేదని అందరికీ తెలుసు.

కొత్త పాఠంలో ఆరుగురి గురించీ ఉంది. ఇద్దరు పన్నెండింటికి వెళ్ళిపోయారు. నలుగురు నాలుగింటి దాకా ఉన్నారు, వాళ్ళు తిరిగి రాలేదు. దూలం చీలిందని అంతకుముందు నాలుగుసార్లు రాసినా ఎవరూ బాగు చేయించలేదు. ఇదంతా మనకు తెలియడానికి కారణం, ఆరుగురిలో ఒకడికి రాయడం రావడం. చివర రెండు మార్కుల ప్రశ్న కూడా మారింది: "మూడో షట్టరు దూలం ఎందుకు విరిగింది?"

జూన్ నెల తిరగకముందే బడి నుంచి పిలుపు వచ్చింది. ఏడో తరగతి టీచరు, ఇంకా ముప్పై నిండని అమ్మాయి, "మీరొచ్చి పిల్లలతో మాట్లాడాలండి" అంది. పల్లపు వీధి పిల్లలు, పై వీధుల పిల్లలు కలిసి కూర్చున్నారు. పుస్తకంలో పేర్లు లేవు కదా, వెళ్ళిపోయిన ఆ ఇద్దరూ ఎవరని ఒక అమ్మాయి అడిగింది. టీచరు కంగారుపడింది. ఆమె పడలేదు.

"ఒకాయన మా తాత."

 "మరి మీకు సిగ్గనిపించలేదా?" అని ఆ అమ్మాయే అడిగింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"అబద్ధం చదువుకున్నన్ని రోజులూ సిగ్గనిపించింది. నిజం చదివాక బాధ వేసింది. బాధను మోయొచ్చమ్మా. ఆయన భార్యాబిడ్డల కోసం వెళ్ళాడు. ఆ నలుగురికీ భార్యాబిడ్డలు ఉన్నారు. రెండూ నిజమే. రెండూ తెలుసుకోండి."

"ఆ నలుగురూ ఎందుకు ఉండిపోయారు?"

"అది రిజిస్టర్లో లేదు. వాళ్ళ ఇళ్ళల్లో ఎవరికైనా తెలుసేమో. మీరు అడిగి రాయండి. విన్నది విన్నట్టు."

పిల్లలు అడిగారు. రెండు వారాల్లో టీచరు బల్ల మీద పందొమ్మిది కాగితాలు చేరాయి. ఒకదానికొకటి పొంతన లేని మాటలు, పాత ఫోటోలు, ఒక ముసలాయన గుర్తుపెట్టుకున్న పాట సగం. టీచరు వాటిని ఆమెకు పంపింది. ఆమె ఆదివారాలు కూర్చుని ఏది ఎవరు చెప్పారో, ఏది ఎక్కడ కుదరడం లేదో పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టింది. ఇస్త్రీ బండి స్నేహితురాలు తన తాత గురించి చెప్పమంటే ముందు ఏమీ తెలియదంది. తర్వాత మూడు ఆదివారాలు ఆపకుండా చెప్పింది. చెప్పడం అయ్యాక, "ఆ అక్షరాలేవో నాకూ నేర్పు వదినా, ఆయన పేజీ నేనే చదువుకుంటాను" అంది.

ఆ ఏడాదే భూతద్దం అక్క పదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా దరఖాస్తు పెట్టింది. ఓనరు నవ్వలేదు. పరీక్ష రోజులకు అడక్కముందే సెలవిచ్చాడు. మిగతా పాఠాలు ప్రొఫెసరు చెప్పాడు. లెక్కలు ఆయనకు రావు కాబట్టి అవి టీచరు చెప్పింది. నలభై ఏడేళ్ళ వయసులో, పదిహేనేళ్ళ పిల్లల మధ్య కూర్చుని ఆమె ఆరు పేపర్లు రాసింది. లెక్కల్లో బొటాబొటీగా గట్టెక్కింది. చరిత్రలో ఆ కేంద్రం మొత్తానికి ఆమెవే ఎక్కువ మార్కులు. ఫలితాలు వచ్చిన సాయంత్రం తండ్రి, మార్కుల కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. ఆ తర్వాత వీధిలోకి వెళ్ళి, దారిన పోయేవాళ్ళను ఆపి మరీ చూపించాడు.